రెండో క్లాసు ఫాల్ పార్టీకి 40 నిమిషాల్లో అయిపోయే క్రాఫ్ట్ ఏదైనా చెప్పగలరా?

ఫ్రిస్కో అమ్మ, అక్టోబర్ 12

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు సెకండ్ గ్రేడ్. ఈ ఏడాది మొదటిసారి రూమ్ పేరెంట్‌గా, అంటే క్లాసు పార్టీలకి సాయం చేసే పేరెంట్‌గా పేరిచ్చాను. వాడు కిండర్‌లో, ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు ఆఫీసు వల్ల నాకు కుదరలేదు. "అందరి అమ్మలూ వచ్చారు, నువ్వెందుకు రాలేదు?" అని రెండేళ్లూ అడిగాడు. అందుకే ఈసారి రెండు నెలల ముందే సెలవు పెట్టేసుకున్నాను.

పార్టీ 31న, శుక్రవారం మధ్యాహ్నం. టీచర్ క్రాఫ్ట్ బాధ్యత నాకు అప్పగించారు. 22 మంది పిల్లలు, 40 నిమిషాలు. హాట్ గ్లూ గన్ తేకూడదు. ఇద్దరికి పల్లీల ఎలర్జీ ఉంది కాబట్టి తినే వస్తువులేవీ వద్దు. రక్తం, కత్తులు, మరీ భయపెట్టే బొమ్మలు వద్దు. ఆ రోజు హాలోవీన్, దయ్యాల వేషాలు వేసుకునే పండగ. క్లాసులో రెండు కుటుంబాలవాళ్లు అది చేసుకోరట. అందుకని స్కూలు దీన్ని ఫాల్ (శరదృతువు) పార్టీ అనే అంటుంది. ఆ పిల్లలు కూడా అందరితో పాటు కూర్చుని చేసుకునేది కావాలి. ఖర్చు 40 డాలర్లు దాటకూడదు.

నిన్న మా బాబుతో కలిసి గుడ్ల అట్టతో సాలీడు చేసి చూశాను. ఆ అట్ట వాడి కత్తెరకి తెగలేదు, అంతా నేనే కోశాను. నల్లరంగు వేశాక ఆరడానికే 50 నిమిషాలు పట్టింది. ఆరిందనుకుని కాళ్లకి పైప్ క్లీనర్లు (నూగు చుట్టిన మెత్తని తీగలు) గుచ్చబోతే అట్ట చిరిగిపోయింది. ఒక్క పిల్లాడికే గంటన్నర అయింది. 22 మందిని తలుచుకుంటే నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అత్తయ్య గారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. కత్తిరించడం, అంటించడం లాంటివి తను చేసిపెడతానంటున్నారు. కానీ దయ్యాలు, పుర్రెలు ఇంట్లో తయారుచేయడం ఆవిడకి ఇష్టం లేదు. "20న దీపావళి పెట్టుకుని ఇంట్లో ఇవేంటమ్మా" అన్నారు. పెద్దావిడని బాధపెట్టి చేయాలని నాకూ లేదు.

ఇలాంటి పార్టీలు చేసిన అనుభవం ఉన్నవాళ్లు, నిజంగా క్లాసులో పిల్లల చేత చేయించినదే చెప్పండి ప్లీజ్. ఫోటోల్లో అందంగా ఉన్నవి నేను చాలా చూసేశాను.


షార్లెట్ అక్క, అక్టోబర్ 12

చెల్లీ, ముందు ఊపిరి తీసుకో. నేను నార్త్ కరోలినాలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను, ఇది ఆరో ఏడు. అంతకుముందు మా అమ్మాయి క్లాసుకి మూడేళ్లు రూమ్ పేరెంట్‌ని. కాబట్టి చూసిందే చెబుతాను.

నీ సాలీడు చెడిపోవడం మంచిదే అయింది, ఎందుకంటే ఇంట్లో చెడింది. నాది క్లాసులో చెడింది. మా అమ్మాయి ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు గాజుగుడ్డని గంజిలో ముంచి, బోర్లించిన కప్పు మీద ఆరేసి దయ్యం చేయించాను. ఇంట్లో రాత్రి పెడితే పొద్దున్నకి గట్టిపడి చక్కగా నిలబడింది. క్లాసులో రాత్రి ఎక్కడిది? బస్సులొచ్చే వేళకి 24 తడి గుడ్డలు. పేపర్ ప్లేట్లలో పెట్టి ఇచ్చాం. ఒక బాబుది బ్యాగుకి అతుక్కుని ముద్దయిపోయింది. వాడు ఏడవలేదు, నా దగ్గరికొచ్చి "ఇది మళ్లీ దయ్యం అవుతుందా?" అని అడిగాడు. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు. అప్పటి నుంచి క్లాసులో తడి వస్తువు పెట్టను. పెయింట్ లేదు, గంజి లేదు, బాటిల్ గ్లూ లేదు. గ్లూ స్టిక్ వరకే.

నీకు నేను చెప్పేది కాగితం గుమ్మడికాయ. గ్లూ స్టిక్ కూడా అక్కర్లేదు దీనికి.

నారింజరంగు కన్‌స్ట్రక్షన్ పేపర్ (క్రాఫ్ట్‌కి వాడే మందపాటి రంగు కాగితం), 9 అంగుళాలు, 12 అంగుళాల సైజుది తీసుకో. దాన్ని 9 అంగుళాల పొడవుండేలా అంగుళం వెడల్పు పట్టీలుగా కోస్తే ఒక కాగితానికి సరిగ్గా 12 పట్టీలు వస్తాయి. ఒక పిల్లాడికి ఒక కాగితం అన్నమాట. 22 మందికి 22, చిరిగినవాళ్లకి ఇంకో మూడు. 50 కాగితాల ప్యాక్ ఒకటి కొంటే సగం మిగులుతుంది. ప్రతి పట్టీకి రెండు కొసల్లోనూ హోల్ పంచ్‌తో ఒక చిల్లు. ఇది మాత్రం ఇంటి దగ్గరే చేసుకుని వెళ్లు. కొస నుంచి అర అంగుళం లోపలికి ఉండాలి చిల్లు. మరీ అంచున వేస్తే వంచగానే చిరుగుతుంది. పంచ్‌లో నాలుగు పట్టీలకి మించి పెట్టకు, మధ్యలో ఇరుక్కుంటాయి. 12 పట్టీల కట్టకి ఒక రబ్బరు బ్యాండు వేసుకుంటూ పో, క్లాసులో పంచడానికి నిమిషం చాలు.

ఇక బ్రాడ్స్ కావాలి. తల గుండ్రంగా ఉండి, కింద రెండు కాళ్లు విడిపోయే ఇత్తడి పిన్నులు. 100 ఉన్న డబ్బా ఒకటి చాలు, మనిషికి రెండే. కాళ్లు ముప్పావు అంగుళం అయినా ఉండేవి చూడు, పొట్టివి 12 కాగితాల్లోంచి అవతలికి రావు.

క్లాసులో వాళ్లు చేసేది ఇదీ. పట్టీల కట్టని బల్లమీద తట్టి, చిల్లులన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేలా సర్దుకోవాలి. ఆకుపచ్చ కాగితం ఆకుకి కూడా ఒక చిల్లు ఉంటుంది, దాన్ని బ్రాడ్‌కి ముందే తొడగాలి. బ్రాడ్ తల కింద ఆకుపచ్చ పైప్ క్లీనర్ ముక్క ఒక చుట్టు తిప్పాలి, అది తీగ. ఆ బ్రాడ్‌ని పై చిల్లులోంచి దూర్చి, అవతల కాళ్లు విడదీయాలి. కింది కొసకి ఉత్త బ్రాడ్. రెండిటి తలలూ ఒకే వైపు ఉండాలి. అప్పుడు కట్ట మొత్తాన్ని, తలలున్న వైపు బయటికి వచ్చేలా విల్లులా వంచాలి.

ఇప్పటివరకు అదొక వంగిన కాగితాల బద్ద, అంతే. పిల్లలు అదే మొహంతో చూస్తారు నీ వైపు. అప్పుడు చెప్పు: "అన్నిటికంటే పై పట్టీని ఎడమ చేత్తో కదలకుండా పట్టుకోండి. అన్నిటికంటే కింది పట్టీని కుడిచేత్తో పట్టుకుని చుట్టూ తిప్పి వెనక్కి తీసుకురండి." ఒక్కొక్క పట్టీ దాని వెనకాలే విసనకర్రలా జరుగుతూ వస్తుంది. సర్దుకునేసరికి చేతిలో చిన్న కొబ్బరికాయంత గుండ్రని గుమ్మడికాయ ఉంటుంది. ఆ నిమిషంలో క్లాసులో వచ్చే చప్పుడు వినడానికే నేను ప్రతి ఏడాదీ ఇదే చేయిస్తాను. మాటలు సరిగా రాని ఒక పాప ఉండేది మా క్లాసులో, తనది తెరుచుకోగానే మూసేసి మళ్లీ తెరిచింది. అలా ఎన్నిసార్లు చేసిందో!

మొహం పెట్టాలా వద్దా అన్నది పిల్లలకే వదిలెయ్యి. గుండ్రటి నల్ల స్టిక్కర్లు, త్రికోణాలు మధ్యలో పెట్టు. కావాలన్నవాళ్లు కళ్లూ నోరూ అంటించుకుంటారు, అది హాలోవీన్ గుమ్మడికాయ. వద్దన్నవాళ్లది పంట గుమ్మడికాయ, థాంక్స్‌గివింగ్ దాకా బల్ల మీద ఉంచుకోవచ్చు. హాలోవీన్ చేసుకోని ఆ పిల్లలకి విడిగా వేరే పని ఇవ్వాల్సిన అవసరం రాదు. విడిగా కూర్చోబెడితే ఏడేళ్ల పిల్లలకి ఎంత తెలుస్తుందో నేను దగ్గర్నుంచి చూశాను. దయచేసి అలా చేయకు.

జిగురు ముట్టుకోలేని పిల్లలు, చేతికి ఏదైనా అంటితే తట్టుకోలేని పిల్లలు ప్రతి క్లాసులో ఒకరైనా ఉంటారు. ఇందులో వాళ్లకీ ఇబ్బంది లేదు.

ముందే అయిపోయినవాళ్లు గొడవ మొదలుపెడతారు, దానికి కూడా ఏదైనా ఉండాలి. పేపర్ ప్లేటు అంచు చుట్టూ 12 చిన్న గాట్లు పెట్టి తీసుకెళ్లు. మూడు గజాల తెల్ల ఊలు ముక్కలు కోసి, ఒక కొసకి టేపు చుట్టు, సూదిలా పనిచేస్తుంది. గాటు నుంచి గాటుకి లాక్కుంటూ పోతే సాలెగూడు. ఎలా లాగినా గూడే అవుతుంది, తప్పు అన్నది లేదు.

చాలామంది టాయిలెట్ పేపర్ గొట్టాలతో మమ్మీలు (గుడ్డ పట్టీలు చుట్టిన ఈజిప్టు శవాల బొమ్మలు) చేయమంటారు. కొన్ని స్కూళ్లు శుభ్రత పేరుతో అవి తేనివ్వవు, అడిగి చూసుకో. వాటి బదులు చిన్న పేపర్ కప్పుకి తెల్ల క్రేప్ పేపర్ చుట్టి కళ్లు అంటించినా మమ్మీయే.

చివరిగా ఒకటి. ఇంటి దగ్గర మీ బాబు చేత చేయించి టైమ్ చూడు, నువ్వు మాత్రం చెయ్యి వేయకు. వాడికి 10 నిమిషాలు పడితే క్లాసులో 25 అనుకో.


ఎడిసన్ నాన్న, అక్టోబర్ 13

అక్క చెప్పిన గుమ్మడికాయకే నా ఓటు. నేను ఇంకో రెండు మాటలు చెబుతాను.

మొదటిది ఎలర్జీ గురించి. మా పాపకి పల్లీలు, జీడిపప్పు పడవు. మూడేళ్లప్పుడు ఒకసారి ఎపిపెన్ (ఎలర్జీ ముదిరితే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్) వాడి, అంబులెన్సులో తీసుకెళ్లాం. హాలోవీన్ రాత్రి ఇంటింటికీ తిరిగి బుట్ట నిండా క్యాండీ తెచ్చుకుని, ఇంటికొచ్చాక అందులో మూడొంతులు మేము తీసేస్తుంటే చూస్తూ కూర్చునేది. అలాంటి పిల్లల కోసం ఇక్కడ టీల్ పంప్‌కిన్ అని ఒక పద్ధతి ఉంది. టెన్నెసీలో ఒక స్థానిక ఎలర్జీ బృందం 2012లో మొదలుపెట్టింది, 2014లో ఫేర్ అనే సంస్థ దేశమంతటికీ తీసుకెళ్లింది. టీల్ అంటే మన చీరల్లో నెమలికంఠం రంగు అంటామే, దానికి దగ్గరగా ఉంటుంది. ఆ రంగు వేసిన గుమ్మడికాయ గుమ్మం ముందు ఉంటే, ఆ ఇంట్లో తినేవి కాకుండా పెన్సిళ్లు, స్టిక్కర్లు, చిన్న బొమ్మలు కూడా ఇస్తారని గుర్తు.

మీ కాగితం గుమ్మడికాయలకి నారింజతో పాటు నాలుగైదు కట్టలు టీల్ రంగువి కూడా పెట్టండి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. ఎలర్జీ ఉన్న ఆ ఇద్దరి పేర్లు ఎత్తకుండా, అది ఎందుకో ఒక్క మాటలో చెప్పండి చాలు. పోయినేడాది మా పాప క్లాసులో ఒక రూమ్ మామ్ ఇలా చేశారు. ఎలర్జీ లేని పిల్లలు కూడా ఆ రంగే కావాలని తీసుకున్నారు. ఆ రోజు మా పాప ఇంటికి వచ్చి చెప్పిన తీరు నేను మర్చిపోలేను.

రెండోది మీ అత్తయ్య గారి గురించి. మా అమ్మ కూడా అలాగే అనేది. నేను ఆవిడకి చెప్పింది ఇదీ. ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో అక్టోబర్ 31 రాత్రి టర్నిప్ దుంపల్ని తొలిచి, వాటికి భయంకరమైన మొహం చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం దగ్గరో కిటికీలోనో ఉంచేవాళ్లు. చెడు ఏదైనా ఇంటివైపు వస్తే అది చూసి వెనక్కి పోవాలని. వాళ్లు అమెరికాకి వలస వచ్చాక ఇక్కడ గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కంటే పెద్దది, తొలవడానికి మెత్తన. అలా దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది.

అది వినగానే మా అమ్మ అంది: "అయితే మన బూడిద గుమ్మడికాయేగా!" కొత్త ఇల్లు కట్టినా, కొట్టు తెరిచినా గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, దానికి కోరలు, గుడ్లురిమే కళ్లు గీస్తాం. దిష్టి తగలకుండా. మా ఊళ్లో మా నాన్న కొట్టు ముందు వేలాడే దానికి మీసాలు కూడా ఉండేవి. ఇది దయ్యాన్ని పిలిచే కాయ కాదు, పొమ్మనే కాయ. మీ అత్తయ్య గారికి ఇలా చెప్పి చూడండి. పుర్రెల సంగతి మాత్రం నేనూ ఒప్పించలేకపోయాను, ఆ జోలికి వెళ్లకండి.

ఒక జాగ్రత్త. ఎవరైనా కాగితం గుమ్మడికాయలో బ్యాటరీ దీపం పెడదాం అంటే ఒప్పుకోవద్దు. ఆ చిన్న టీ లైట్లలో బటన్ బ్యాటరీలుంటాయి. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతులోపల కాలిపోయి పుండు పడే ప్రమాదం ఉంది. మూత పిల్లలు తేలిగ్గా తీయలేనట్టు ఉండాలని 2022లో ఇక్కడ చట్టమే చేశారు. పాతవి, మూత తేలిగ్గా ఊడేవి ఇళ్లల్లో ఇంకా బోలెడు ఉంటాయి.


నోవై నుంచి, అక్టోబర్ 13

మిషిగన్ నుంచి రాస్తున్నాను. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, అందుకని నాకు కాఫీ ఫిల్టర్ గబ్బిలం ఇష్టం. అడుగు చదునుగా ఉండే తెల్ల ఫిల్టర్లు తీసుకోవాలి, కోన్ ఆకారంవి పనికిరావు. వాషబుల్ మార్కర్లతో పిల్లలు ఇష్టమొచ్చినట్టు రంగులు గీస్తారు. మీరు స్ప్రే సీసాతో నాలుగు చుక్కల నీళ్లు కొడితే రంగులు వాటంతట అవే పాకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆరాక మధ్యలో కుచ్చుపట్టి, చెక్క బట్టల క్లిప్పుతో పట్టిస్తే రెండు రెక్కలూ విచ్చుకుంటాయి. క్లిప్పులకి నల్లరంగు ముందురోజే వేసుకోవాలి.

ఇందులో చిన్న సైన్సు కూడా ఉంది. నల్ల మార్కర్‌తో ఒక గుండ్రం గీసి మధ్యలో నీటిచుక్క వేయమనండి. నలుపు అనుకున్నది విడిపోయి నీలం, ఊదా లాంటి రంగులు బయటికొస్తాయి. ఒక్కో రంగు నీటితో పాటు ఒక్కో వేగంతో పాకుతుంది, అందుకే విడిపోతాయి. క్రొమటోగ్రఫీ అంటే ఇదే. మా ల్యాబ్‌లో రోజూ చేసే పని మా అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఆ ఒక్కరోజే.


షార్లెట్ అక్క, అక్టోబర్ 13

నోవై వారూ, మీ గబ్బిలం నాకూ చాలా ఇష్టం, మా ఇంట్లో ప్రతి ఏడాదీ చేస్తాం. కానీ అది తడిది. నాలుగు చుక్కలే అని మనం అంటాం, ఏడేళ్ల పిల్లాడి చేతికి స్ప్రే సీసా ఇస్తే ఫిల్టర్ గుజ్జయ్యేదాకా ఆపడు. స్ప్రే పెద్దవాళ్లే పట్టుకోవాలి, పార్టీ మొదట్లోనే రంగులు వేయించి, పేపర్ టవల్ మీద ఆరబెట్టి, మిగతా ఆటలన్నీ అయ్యాక క్లిప్పు పెట్టించాలి. 40 నిమిషాలు ఏకబిగిన క్రాఫ్టే అయితే కుదరదు. చెల్లికి ఇది మొదటిసారి, పొడి పనే చేయనివ్వండి.

ఎడిసన్ తమ్ముడూ, నెమలికంఠం రంగు కట్టల మాట నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. మా క్లాసులో ఈసారి పెడుతున్నాను.


ఫ్రిస్కో అమ్మ, అక్టోబర్ 15

అక్కా, అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి బాబు చేత చేయించాను, చెయ్యి వేయకుండా. 11 నిమిషాలు. ఒక్క చోట ఇబ్బంది పడ్డాడు: కింది పట్టీని చుట్టూ తిప్పేటప్పుడు అన్నీ ఒకేసారి లాగేశాడు, సగం వైపు అంతా గుత్తిగా, సగం వైపు ఖాళీగా వచ్చింది. ఇది క్లాసులో అందరికీ జరుగుతుందా?


షార్లెట్ అక్క, అక్టోబర్ 15

జరుగుతుంది, సగం మందికి. బ్రాడ్ కాళ్లు మరీ బిగించి విడదీస్తే పట్టీలు కదలవు, అప్పుడే గుత్తిగా వస్తాయి. కాళ్లు కొంచెం వదులుగా ఉంచమను. గుత్తిగా వచ్చినా పర్లేదు, ఒక్కొక్క పట్టీని వేలితో విడిగా జరుపుకోమను. ఓపిక ఉన్న పిల్లలు దాన్ని పక్కవాళ్లకి కూడా చేసిపెడతారు, నువ్వు చూస్తూ ఉండు.


ఫ్రిస్కో అమ్మ, నవంబర్ 2

పార్టీ అయింది. ఎలా జరిగిందో చెప్పకపోతే నాకే తోచదు.

ముందు ఇంటి సంగతి. దిష్టి గుమ్మడికాయ మాట అత్తయ్య గారికి చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక "ఆ చిల్లుల మిషన్ ఇటు ఇవ్వు" అన్నారు. 27 కాగితాలు కోయడం నేను, చిల్లులు ఆవిడ. నాలుగేసి పట్టీలు కలిపి వేసినా 160 సార్లకి పైన నొక్కాలి. రెండు రాత్రులు, టీవీ చూస్తూ చేశారు. రెండో రోజు మణికట్టు నొప్పి పుట్టినా మిషన్ నాకివ్వలేదు, అమృతాంజనం రాసుకుని మళ్లీ కూర్చున్నారు. చిన్నప్పుడు బడిలో పంద్రాగస్టుకి రంగు కాగితాల తోరణాలు కట్టేవాళ్లమని, మైదా ఉడికించి జిగురు చేసుకునేవాళ్లమని చెప్పారు. ఇన్నేళ్లలో ఆ ముచ్చట నేను ఆవిడ నోట విననేలేదు. ఎదురింటివాళ్ల వాకిట్లో ఉన్న అస్థిపంజరం వైపు మాత్రం ఇప్పటికీ చూడరు, వాకింగ్‌కి వెళ్తే అటు పక్క నుంచి నడుస్తారు. నేనూ ఆ విషయం ఎత్తను.

క్లాసులో 26 నిమిషాలకి అందరివీ అయిపోయాయి. 22 నారింజ, 5 టీల్ రంగు కట్టలు తీసుకెళ్లాను. టీల్ మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోయాయి, ఎడిసన్ అన్నయ్య చెప్పినట్టే. ఎలర్జీ ఉన్న ఇద్దరిలో ఒక పాప తీసుకుంది, రెండో బాబు నారింజే కావాలన్నాడు. చిల్లులు కలవక ఇద్దరు ముగ్గురు తంటాలు పడ్డారు. చిల్లులు కలిపి పట్టుకోవడానికి పెన్సిల్ దూర్చమని చెబితే సర్దుకుంది. ఇది వచ్చేసారికి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను, బ్రాడ్ పెట్టేముందు పెన్సిల్.

హాలోవీన్ చేసుకోని ఇంటి పాప మా బాబు బల్ల దగ్గరే కూర్చుంది. స్టిక్కర్లు తీసుకోలేదు. పట్టీల మీద తెల్ల పెన్సిల్‌తో పువ్వులు గీసుకుంటూ కూర్చుంది. వాళ్లమ్మ సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు తనే చూపించింది. ఆవిడ నా దగ్గరికొచ్చి థాంక్స్ చెప్పారు. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

అక్కా, మీరు చెప్పిన ఆ చప్పుడు నేనూ విన్నాను. 22 మందీ ఒకేసారి తెరవాలని చివరిదాకా పట్టుకుని ఉండమన్నాను. వన్, టూ, త్రీ అన్నాక ఒక్కసారిగా కాగితాల గలగల, ఆ వెంటనే అరుపులు. పక్క క్లాసు టీచర్ తలుపు తీసి చూశారు. మా బాబు తనది తెరవడం మర్చిపోయి నన్నే చూస్తున్నాడు.

మొత్తం ఖర్చు 23 డాలర్లు. బ్రాడ్స్ 50 దాకా, నారింజ కాగితాలు 20కి పైన మిగిలాయి. ఫ్రిస్కో, ప్లానో వైపు ఎవరికైనా నవంబర్‌లో క్లాసు పార్టీ ఉంటే చెప్పండి, ఇచ్చేస్తాను. చిల్లులు వేసినవి ఇంకో మూడు కట్టలు కూడా ఉన్నాయి, అత్తయ్య గారు ఎక్కువ చేసేశారు.